కందికట్టె బొగ్గులో లేని రంధ్రం

సారు పోయి నెల గూడ కాలే. ఆయన దగ్గర చదువుకున్నోళ్లంత కలిసి ఒక జ్ఞాపకాల పుస్తకం వేస్తున్నరట. నన్ను గూడ రెండు మంచి ముక్కలు రాసి పంపుమని సూరత్ నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన ఎవరో నాకంటె చానా చిన్నోడు, సారు ల్యాబుల ఆఖరి బ్యాచ్ అట. "మేడమ్, సారు మంచితనం గురించి ఒక్క సంఘటన చాలు" అన్నడు హిందీల. "రాస్త" అన్న. రాస్తనే. సారు మంచితనానికి మా బాపు ఊపిరే సాక్ష్యం, దాన్ని దాచేంత ఓర్వలేనితనం నాకు లేదు. గని పోయినోళ్ల గురించి మంచే మాట్లాడాలె అనే మాట నాకు ఎన్నడు ఒంటబట్టలే. బతికున్నప్పుడు మొహం మీద అన్న మాటను, మనిషి పోయినంక మింగుడేంది? మింగితె అప్పుడు నేను అబద్ధమాడినట్టు గాదా? అందుకే రాస్తె రెండూ రాస్త. వాళ్లు అచ్చేస్తె వెయ్యనీ, లేకుంటె లేదు.

సూరత్‌ల లింబాయత్ బస్తీల మా ఇల్లంటే కింద కార్ఖానా, పైన రెండు అర్రలు. మా తాత కాలంల సిరిసిల్ల దిక్కు నుంచి సాంచాల పనికి వచ్చినోళ్లం. సాంచాలంటె మరమగ్గాలు, సూరత్‌ల ఏ తెలుగు గల్లీల అడిగినా ఆ పేరే చెప్తరు. కింద బాపు సాంచాలు నడిపిస్తుంటె పైన గిలాసల నీళ్లు వణికేవి. ఆ చప్పుడులనే పుట్టిన, ఆ చప్పుడులనే చదివిన, కొట్లాడిన. అందుకే మా ఇంట్ల అందరి గొంతులు పెద్దగుంటయి. పైన నన్ను కన్న అవ్వ, బాపమ్మ చీరెలకు రాళ్లు అంటించేటోళ్లు. రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి మూటలు దిగేవి, తళతళలాడే సింథటిక్ చీరెలు, అంచు పొడుగునా గమ్ పెట్టి ఒక్కొక్క రాయి అద్దాలె. ఇల్లంత గమ్ వాసన, దానిమీద బాపమ్మ జర్దా వాసన, పొద్దుగాల అయితె అవ్వ కాల్చే జొన్నరొట్టె వాసన. బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, ఎప్పుడు కిటికీ పక్కనే కూసుండేది. చేతులు చీరె మీద, కండ్లు గల్లీ మీద. ఎవరు పోతున్నా పిలిచి ఎటు పోతున్నవని అడిగేది. గుజరాతోళ్లను గూడ తెలుగులనే అడిగేది. వాళ్లు గుజరాతీల జవాబు చెప్పేటోళ్లు. ఇద్దరికీ సమజయ్యేది.

అసొంటి ఇంట్లకు నేను బొగ్గు తెచ్చిన. పీహెచ్‌డీల చేరినంక నా పనంత బొగ్గుపొడితోటే. ఎంత తోమినా గోర్ల సందుల నలుపు పోకపోయేది. ఒక్క వేలిముద్ర చీరె మీద పడ్డదా, ఆ చీరె మార్కెట్ నుంచి వాపస్ వచ్చుడే. అందుకని బాపమ్మ ఒక కానూను పెట్టింది. నేను ల్యాబు నుంచి వస్తె ముందు గల్లీల నల్లకాడ సబ్బుతోటి చేతులు కడుక్కోవాలె, కిటికీ కింద నిలబడి రెండు చేతులు పైకెత్తి చూపియ్యాలె. "ఎనుకముందు తిప్పు" అనేది. తిప్పేదాన్ని. "మోచేతులు?" అనేది. అవి గూడ చూపిచ్చేదాన్ని. రీసెర్చ్ స్కాలర్ని, పెండ్లీడు దాటినదాన్ని, గల్లీ పోరగాండ్లంత నవ్వుతుంటె చేతులెత్తి నిలబడేదాన్ని. ఆమె "ఎక్కు" అంటెనే మెట్లు ఎక్కుడు. బయట నా పేరు లావణ్య, ఇంట్ల నా పేరు బొగ్గుపిల్ల.

సారు చేస్తున్న పని నిజంగ మంచిది. సూరత్ పక్కన పల్సానల బట్టలకు రంగులేసే మిల్లులున్నయి. ఆ నీళ్లు ఒకనాడు ఎర్రగ, ఒకనాడు నీలంగ ఖాడీలకు పోయేవి. ఖాడీ అంటే బస్తీల ఎనుక నుంచి పారే వాగు, మేము ముక్కు మూసుకొని దాటేటోళ్లం. రైతులు పొలంల కాలబెట్టేసే కందికట్టెను తెచ్చి, యాసిడ్‌ల నానబెట్టి, బట్టీల కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ చెయ్యాలె, అది ఆ రంగును తాగాలె, మిల్లులకు చవుకగ పడాలె. ఇదీ సారు కోరిక. నన్ను తీసుకున్ననాడు ఇంటర్వ్యూల నా ఇంగ్లిష్ తడబడ్డది. పక్కనున్నోళ్లు మొహాలు చూసుకున్నరు. సారు మాత్రం "హిందీల చెప్పు బేటా, బొగ్గుకు భాష లేదు" అన్నడు. ఆ మాటకు నేను ఆయనకు సగం దాసోహమన్న. మిగిలిన సగం మాత్రం నాదగ్గరనే ఉంచుకున్న.

బొగ్గుముక్కను చేతిల పట్టుకుంటె రాయి లెక్కనే ఉంటది. లోపట మాత్రం అన్ని రంధ్రాలే, మామూలు మైక్రోస్కోపుకు గూడ ఆనయి. మరి ఎట్ల కొలవాలె? గాలితోటి కొలవాలె. ముందుగాల బొగ్గును ఒక గాజుగొట్టంల పోసి, వేడిచేసి లోపటున్న తడి, గాలి అంత గుంజెయ్యాలె. తర్వాత ఆ గాజుగొట్టాన్ని ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కుల ముంచి, ఆ చలిల నైట్రోజన్ గాలిని జర జర వదలాలె. సన్న రంధ్రాలు ముందు నిండుతయి, పెద్దయి తర్వాత. ఎంత ఒత్తిడికి ఎంత తాగిందో మిషన్ ఒక గీత గీస్తది. నిండినంక మల్ల మెల్లగ బయటికి గుంజాలె, అదింకో గీత. ఎక్కే గీత, దిగే గీత. వాటి నుంచి ఏ సైజు రంధ్రాలు ఎన్ని ఉన్నయో కంప్యూటర్ లెక్క కడుతది. ఆ లెక్కకు రంధ్రం ఏ ఆకారంల ఉన్నదో, ఏ గీతను నమ్మాలెనో మనమే చెప్పాలె. గొట్టమంటె గొట్టమనుకుంటది, రెండు పలకల నడుమ సందు అంటె అట్లనే అనుకుంటది. అది బొగ్గును చూసిందా ఏంది, మనం చెప్పిందే చూస్తది. ఒక్క కొలతకు పొద్దంత పట్టేది. ఫ్లాస్కు మీద తెల్లటి పొగ, మిషన్ లోపట వాల్వుల టకటక, నేను ఆ చప్పుడుకు జొన్నరొట్టె తినుకుంట కూసుండేదాన్ని.

మా కందికట్టె బొగ్గును దిగే గీత నుంచి లెక్కకడితె నాలుగు నానోమీటర్లకు జర తక్కువకాడ ఒక పీక్ వచ్చేది, సూది నిలబెట్టినట్టు. సారు ఆ పీక్‌ను చూసి మురిసిపోయిండు. పెద్ద పెద్ద రంగు అణువులు సన్న రంధ్రాలల్ల దూరయి. నాలుగు నానోమీటర్ల దర్వాజలుంటె దర్జాగ లోపటికి పోతయి. ఆ పీక్ ఉంటె మా బొగ్గు మిల్లులకు పనికొచ్చే బొగ్గు. లేకుంటె అన్ని బొగ్గులల్ల ఒక బొగ్గు. పల్సానల ఒక మిల్లు సేఠ్ అప్పటికే ఒప్పుకున్నడు. రిపోర్టు పోవాలె, జర్నల్‌ల పేపర్ రావాలె, నా థీసిస్‌ల అదే పెద్ద అధ్యాయం కావాలె.

గప్పుడే లాక్‌డౌన్ పడ్డది. సాంచాలు ఆగినయి. బుద్ధి తెలిసినంక మా ఇంట్ల చప్పుడు లేకుండ ఉన్నది అదే మొదటిసారి. మేము మాట్లాడితె అరిచినట్టు ఉండె, మాకే సిగ్గయ్యేది. గల్లీల సగం మంది దొరికిన బండెక్కి సిరిసిల్ల దిక్కు పోయిన్రు. బాపు పోలే. "అక్కడ మాత్రం ఎవడు కూసోబెట్టి పెడుతడు?" అన్నడు. మార్కెట్ బందు, మూటలు లేవు, ఇంట్ల గమ్ వాసన పోయి మిరియాల కషాయం వాసన వచ్చింది. బాపమ్మ పలకరిద్దామంటె గల్లీల పురుగు లేదు. ఆఖరుకు గస్తీ తిరిగే పోలీసాయననే పిలిచి ఎటు పోతున్నవని అడిగింది. ఆయన లాఠీ చంకల పెట్టుకొని జవాబు చెప్పిండు.

నాకేమో పనిలేక, ల్యాబుల అప్పటిదాంక కొలిచిన బొగ్గుల ఫైళ్లన్ని పెట్టుకొని కూసున్న. కొబ్బరిచిప్ప బొగ్గు, వెదురు బొగ్గు, గని బొగ్గు, దుకాణంల కొన్న బొగ్గు. ఒకదాని మీద ఒకటి పెట్టి గీసిన. అన్నిట్ల అదే పీక్, అదే చోట. జర అటుగాదు, ఇటుగాదు. గల్లీల పిల్లలందరికీ ఒక్కకాడనే పుట్టుమచ్చ ఉన్నదంటె అది పుట్టుమచ్చ గాదు, చూసేటోని కండ్లద్దాల మీద మరక. ఎందుకట్ల అయితదో అప్పుడు సమజైంది. కొన్ని రంధ్రాలు సన్నమూతి సీసాల లెక్క ఉంటయి. నింపేటప్పుడు మెల్లమెల్లగ నిండుతయి. ఖాళీ చేసేటప్పుడు మూతి అడ్డముంటది, లోపటి ద్రవం ఆగుతది, ఆగుతది, ఒత్తిడి ఒక హద్దు దాటంగనే ఆ నైట్రోజనే తట్టుకోలేక ఒక్కసారి పేలినట్టు బయటికొస్తది. ఆ హద్దు నైట్రోజన్‌ది, రంధ్రానిది గాదు. కంప్యూటర్ మాత్రం "అబ్బో, ఒక్కసారే ఇంత వచ్చిందంటె ఈ సైజువి ఎన్ని ఉన్నయో" అని పీక్ గీస్తది. అదే లెక్క ఎక్కే గీత నుంచి కట్టిన. పీక్ లేదు. పలకల సందు నమూనా పెట్టి కట్టిన. ఉన్నయన్ని సన్న రంధ్రాలే, రెండు నానోమీటర్ల లోపటియే. నాలుగుకాడ నున్నగ, ఏం లేదు.

సారుకు ఫోన్ చేసిన. "సార్, ఆ పీక్ మన బొగ్గుది గాదు, నైట్రోజన్‌ది" అన్న.

"బేటా, ఎంతమంది దిగే గీత నుంచి లెక్కకడుతలేరు! నీకొక్కదానికే అనుమానమొచ్చిందా?"

"అందరు అట్ల కడితె లేని రంధ్రం ఉన్నట్టా సార్?"

"ఇంట్ల కూసోని కూసోని నీకు తలకాయ వేడెక్కింది. కషాయం తాగి పండుకో" అన్నడు.

"కషాయం తాగినంకనే చూసిన సార్" అన్న. ఫోన్ పెట్టేసిండు.

నాకు పంతం పుట్టింది. మిల్లులు మెల్లగ తెరిచినంక, పల్సానల రంగుల మిల్లుల పనిచేసే మా చిన్నాయిన ఒక సీసాల ఎర్రనీళ్లు తెచ్చిచ్చిండు. మెడికల్ దుకాణంల టింక్చర్ అయోడిన్ కొన్న. డాబా మీద గాజు సీసాలు పెట్టి, కొన్నిట్ల అయోడిన్ నీళ్లు, కొన్నిట్ల ఎర్రనీళ్లు పోసి, అన్నిట్ల మా కందికట్టె బొగ్గు వేసి ఊపిన, పొద్దుందాక ఊపిన. అయోడిన్ చిన్న అణువు. గోధుమరంగు నీళ్లు తాగేనీళ్ల లెక్క తేటగైనయి. ఎర్రనీళ్లు జర వెలిసినయి, అంతే, ఎర్రగనే ఉన్నయి. బట్టలు ఆరేస్తున్న అవ్వ వచ్చి చూసి, "ఇదేందే, ఒకటి తాగింది, ఒకటి ఉమ్మేసింది?" అన్నది. "మూతి చిన్నదే అవ్వా, పెద్దముద్ద పట్టలే" అన్న. నాకు ఒక దిక్కు సంబరం, ఒక దిక్కు కడుపుమంట. ఫోటోలు తీసి సారుకు పంపిన. ఆయన చూసినట్టు నీలం టిక్కులు పడ్డయి, జవాబు రాలే.

ఇంకొక తొవ్వ ఉండె. నైట్రోజన్ బదులు ఆర్గాన్‌తోటి కొలిస్తె, దొంగ పీక్ అయితె చోటు మారుతది, అసలు రంధ్రమైతె ఉన్నకాడనే ఉంటది. దానికోసం కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తుంటె రెండో ఏడు జబ్బు మల్ల వచ్చింది. ఈసారి మా గడప తొక్కింది. గ్యాస్ ప్లాంట్లన్ని ఆక్సిజన్‌కే తిరిగినయి, ల్యాబుల ఫ్లాస్కులు ఎండినయి, ఆర్గాన్ మాట ఎత్తితె నవ్వేటోళ్లు. బాపుకు జ్వరం వచ్చింది, తర్వాత దమ్ము అందలే. వేలికి పెట్టే మిషన్‌ల నంబరు దిగుతుంటె అవ్వ చూడలేక మొహం తిప్పుకునేది. ఏ దవాఖానకు చేసినా జాగ లేదు. నాకు సారు తప్ప ఎవరు యాదికి రాలే. ఫోన్ల ఏడ్సిన. మా ల్యాబుకు నైట్రోజన్ పోసే గ్యాసాయనను పట్టుకొని, ఎట్ల బతిమాలుకున్నడో ఏమో, సారు ఒక ఆక్సిజన్ సిలిండర్ సంపాయించిండు. టెంపో ఎనుక స్కూటర్ మీద తనే వచ్చిండు. అప్పుడు సొంత తమ్ముడు అన్న ఇంటికి రాని రోజులు. సారు మాస్కు మీద మాస్కు కట్టుకొని మా మెట్లు ఎక్కి, గ్యాసాయన సిలిండర్‌కు గొట్టం బిగిస్తుంటె బాపు భుజం పట్టుకొని కూసున్నడు. నంబరు పైకి లేచేదాంక కదలలే. అవ్వ కాళ్లు మొక్కబోతె ఎనుకకు జరిగి "దూరం, అక్కా, దూరం" అన్నడు. ఈ మాట చెప్పకుండ నేను ఇంకేం చెప్పినా నా కండ్లు పోతయి.

బాపుకు గండం గడిచింది. కింద సాంచాలు మల్ల మొదలైనయి. అప్పుడు సారు నుంచి కబురు వచ్చింది. అధ్యాయం రెడీ చెయ్యి, పీక్ ఉంచు, వచ్చేనెల కమిటీ ముందు ఆన్‌లైన్‌ల సెమినార్. కొలిచింది నేను గనుక నా నోటితోనే చెప్పాలె. సారు ఒక్కసారి గూడ సిలిండర్ మాట ఎత్తలే. అది ఆయన పెద్దతనం. ఎత్తింది మా ఇంటోళ్లు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతవా?" అన్నది బాపమ్మ.

"వాసాలు గాదు, రంధ్రాలు లెక్కపెడుతున్న" అన్న.

"నోరు చూడు దీనిది! ఆయన రాకుంటె నా కొడుకేడుండె?"

బాపు మంచం మీది నుంచే మెల్లగ అన్నడు, ఇంక దమ్ము పూర్తిగ తిరిగి రాలే ఆయనకు. "బిడ్డా, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటవు. ఒక గీత మీద ఒక మొటిమ. ఉంటె ఏంది, లేకుంటె ఏంది? ఆయన మాట ఉండనీ."

"బాపు, సారు కాళ్లు రోజు కడిగి నెత్తిన చల్లుకోమన్నా చల్లుకుంట. ఆయన ఇంట్ల గిన్నెలు తోముమంటె తోముత. గని లేని రంధ్రం ఉన్నదని నా నోటితోటి చెప్పుమంటె చెప్ప. ఆ బొగ్గు పల్సాన పోతది, ఎర్రనీళ్లు దాంట్లకెళ్లి ఎర్రగనే బయటికొస్తయి, మన ఖాడీలనే కలుస్తయి. అప్పుడు ఎవరి నోరు చెప్పింది అంటరు? నాదే."

బాపు గోడ దిక్కు తిరిగిండు. ఆ పొద్దు నుంచి నాతోటి మాట్లాడలే. అవ్వ మాత్రం పల్లెం ముందు పెట్టి, "కొట్లాడేటోళ్లు తినాలె" అన్నది. ఎవరి దిక్కు మాట్లాడిందో నాకిప్పటికీ తెల్వది.

సెమినార్ పొద్దున బాపు పనికి దిగిండు. నేను పైన గోడకు దుప్పటి కట్టి లాప్‌టాప్ ముందు కూసున్న. తెర మీద కమిటీ ఐదారు డబ్బాలు, నడుమ సారు. రంధ్రాల బొమ్మ దాంక అందరు బాగనే విన్నరు. "ఈ పీక్‌ను నేను లెక్కల నుంచి తీసేసిన, ఎందుకంటె" అన్ననో లేదో నా మైకు బందయింది. సారే బందు చేసిండు, మీటింగ్ ఆయన చేతులనే ఉండె. "ఆమె ఇంట్ల సాంచాల శబ్దం చానా ఉన్నది, మనకేం వినపడతలేదు. మిగిలింది నేను చెప్త" అన్నడు. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడుల మాట్లాడినదాన్ని, ఆ చప్పుడు సాకు పెట్టి నా నోరు మూసిండు. దిగ్గున లేచిన. కుర్చీ ఎనుకకు పడ్డది. చెప్పులు గూడ లేకుండ మెట్లు దిగి కార్ఖానా దర్వాజల నిలబడి అరిచిన: "బాపు! నన్ను మాట్లాడనిస్తలేరు. చప్పుడంట. సాంచాలు జర ఆపుండ్రి!"

బాపు నన్ను చూసిండు. పని నడుమ సాంచా ఆపుడంటె ఏందో ఆయనకు తెలుసు, కార్ఖానా సేఠ్ పైసలు కోస్తడు, తిడుతడు. అయినా తనయి బందు చేసిండు. పక్కాయనకు చెయ్యి ఊపిండు, ఆయన ఆపిండు, ఆయన పక్కాయన ఆపిండు. చప్పుడు వరుసగ సచ్చిపోయింది. సేఠ్ ఆఫీసు అర్ర నుంచి "క్యా హువా?" అని ఉరికొచ్చిండు. అప్పటికే నేను పైకి ఉరికిన. మైకు ఇంక బందే. రాతడబ్బాల టైపు చేసిన: "ఇప్పుడు మా ఇంట్ల చప్పుడు లేదు. నన్ను మాట్లాడనియ్యుండ్రి." పుణె నుంచి కూసున్న ఒక మేడమ్, కమిటీల బయటి మెంబరు, అద్దాలు సవరించుకొని "డాక్టర్ సాబ్, ఆమె మైకు తెరవండి" అన్నది. సారు తెరిచిండు.

చెప్పిన. ఎక్కే గీత, దిగే గీత, అన్ని బొగ్గులల్ల ఒకే పీక్, తేటనీళ్లు, ఎర్రనీళ్లు, అన్ని చెప్పిన. పుణె మేడమ్ రెండు ప్రశ్నలు అడిగింది, గట్టివే అడిగింది. చెప్పిన. "ఆర్గాన్‌తోటి కొలిచి చూపియ్యాలె, గని అమ్మాయి అన్నదాంట్ల దమ్మున్నది" అన్నది. సారు మొహంల రంగు మారలే. "ధన్యవాద్" అని మీటింగ్ మూసిండు. కింద సాంచాలు మల్ల మొదలైనయి. ఆ మాపు బాపు పైకొచ్చి, చేతులు కడుక్కోకుండనే నా ముందు కూసున్నడు. "సారుకు నువ్వు చేసింది తప్పే అని ఇంక గూడ అనుకుంటున్న" అన్నడు. "గని నా సాంచాల పేరు చెప్పి నా బిడ్డ నోరు మూస్తడా? అది నాకు పడలే." వారాల తర్వాత నాతోటి మాట్లాడిన మొదటి మాటలవి.

గెలిచిననుకునేరు. గెలువలే. ఆర్గాన్ రాలే, సారు తెప్పియ్యలే. పీక్ ఉన్న అధ్యాయం ఇయ్యకుంటె థీసిస్ మీద సంతకం పెట్టనన్నడు. మెత్తగనే అన్నడు, "బేటా, నీ మేలుకే" అన్నడు. పేపర్ తయారు చేసి నా పేరు రెండోదిగ పెట్టి పంపిండు, పీక్ నిలువునా నిలబడే ఉండె. నేను ఆయనకు, జర్నల్ వాళ్లకు ఇద్దరికీ ఒకటే మెయిల్ కొట్టిన: నా పేరు తీసెయ్యుండ్రి. తీసేసిన్రు. అచ్చయింది. పల్సాన మిల్లుకు బొగ్గు బస్తాలు పోయినయి, చిన్నాయిన చెప్తుండె, నీళ్లు ఎర్రగ పోయి ఎర్రగనే వస్తున్నయని. నేను వరంగల్ పోయి పీహెచ్‌డీ మొదటి నుంచి మొదలుపెట్టిన. ఏండ్లు పోయినయి. గల్లీల చేతులెత్తి నిలబడ్డప్పుడు సిగ్గుపడ్డ గని, దీంట్ల సిగ్గుపడలే.

ఇప్పుడు నా ల్యాబు ఉన్నది. మిషన్లు అప్పటికంటె ఉషారైనయి, అప్పుడు పొద్దంత పట్టిన కొలత ఇప్పుడు చాయ్ తాగేలోపట అయితది. నైట్రోజన్ ట్యాంకు గోడకే ఉన్నది. ఇంట్ల చప్పుడు లేదు, గమ్ వాసన లేదు, బాపు, బాపమ్మ లేరు, అవ్వ నా దగ్గరనే ఉన్నది. చూస్తె అన్ని సుఖాలే. గని పిల్లలు ఇప్పటికీ అదే పీక్ పట్టుకొని మురుసుకుంట వస్తరు, కంప్యూటర్ ఇచ్చింది మేడమ్ అంటరు. అప్పుడు మిషన్ మొండిది, మనిషి అనుమానపడేటోడు. ఇప్పుడు మిషన్ నున్నగైంది, మనిషి గూడ నున్నగైండు. నేను వాళ్లను తిడుత. ఎక్కే గీత తెచ్చి చూపియ్యమంట. ఏడుస్తరు. ఏడ్వనీ. సారు మీద నాకు కోపం పోలే, ప్రేమ గూడ పోలే. ఆయన పోయిననాడు అవ్వ, నేను ఇద్దరం ఏడ్సినం. ఏడ్సుకుంటనే అవ్వతోటి అన్న, ఆ పీక్ మాత్రం తప్పే అని. "తప్పే బిడ్డా" అన్నది.

అప్పట్ల వరంగల్‌ల పీహెచ్‌డీ అయినంక ఉద్యోగానికి మొదటి ఇంటర్వ్యూకు పోయిన. బోర్డుల ఒక పెద్దాయన నా కాయితాలు తిరగేసి, సూరత్‌ల నేను గడిపిన ఏండ్లకాడ ఆగిండు. ఆ ల్యాబు నుంచి అప్పట్ల వచ్చిన పేపర్ ఆయన చదివిండట, చానామంది వాడుకున్నరట. "ఆ కొలతలన్ని మీరే చేసిన్రని అంటున్నరు గదా, మరి పేపర్ల మీ పేరు ఎందుకు లేదమ్మా?" అన్నడు.

"కొలిచింది నేనే గనుక సార్" అన్న.

ఆ ఉద్యోగం రాలే. ఇంకోకాడికి పోయిన. అక్కడ గూడ అదే అడిగిన్రు, అదే చెప్పిన.